రాత్రి బడికి ఏడుగురే వస్తున్నారు, ఆపేయనా?

పల్నాడు జిల్లాలోని ఒక ఊరి నుంచి, పేరు వేయొద్దంటూ ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలు ఉంది కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. డిగ్రీ చదివారు, పెళ్లయి ఈ ఊరికి వచ్చారు. ఉల్లాస్ అనే ప్రభుత్వ వయోజన విద్యా కార్యక్రమం కింద, పోయిన ఆగస్టు నుంచి స్వచ్ఛందంగా ఊళ్లో చదువురాని ఆడవాళ్లకు రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది దాకా చదువు చెబుతున్నారు. మొదట్లో 24 మంది వచ్చేవారు. బడి వరండాలో మొదలుపెట్టారు. అక్టోబరు వానలకు అక్కడ జల్లు కొడుతోందని, లైటు కూడా సరిగ్గా లేదని రామాలయం మండపానికి మార్చారు. ఆ నెలలోనే దళితులుండే కాలనీ నుంచి వచ్చే ఐదుగురు "ఆసక్తి తగ్గి" మానేశారు. నవంబరులో సంతకం నేర్చుకున్న నలుగురు ఇక రామన్నారు. వాళ్లలో ఒకావిడ "సంతకం నేర్చుకుంటే ఏం లాభం టీచరమ్మా, మిషను వేలే అడుగుతోంది" అందట. డిసెంబరులో చిన్న పరీక్ష పెట్టి, అందరికీ హుషారు వస్తుందని మార్కులు పైకి చదివారు. కూలి ముఠా పెద్దగా ఉండే ఒక పెద్దావిడకు 25కి 4 వచ్చాయి. ఎవరో నవ్వారు. మర్నాటి నుంచి ఆవిడా లేదు, ఆవిడ ముఠాలో పనికెళ్లే నలుగురూ లేరు. ఇప్పుడు మిరప కోతలు మొదలై ఇంకో ముగ్గురు ఆగిపోయారు. మిగిలింది ఏడుగురు. ఇంట్లో అత్తగారు "జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానందట" అని రోజూ దెప్పుతున్నారు. మార్చిలో పరీక్ష ఉంది, 24 మందికీ హాజరు వేసేయమని, పరీక్ష రోజు ఎవరో ఒకరు వచ్చి రాస్తారని పైనుంచి వచ్చే ఒకాయన అంటున్నారు. "వాళ్లకే లేని ఆసక్తి నాకెందుకు? ఆపేయనా? ఆ పెద్దమ్మ ఇంటికి వెళ్లి క్షమించమని అడగనా? రిజిస్టరు సంగతి ఏం చేయను?" అని అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరంలో "ఆసక్తి లేదు" అన్న మాట దాదాపు ప్రతి పేజీలోనూ ఉంది. దాన్ని కాసేపు పక్కన పెట్టి, మీరే రాసిన నెలలూ సంఘటనలూ మళ్లీ చదువుకోండి. 17 మంది ఒక్కసారిగా మానలేదు. ఒకే కారణంతోనూ మానలేదు. ప్రతిసారీ ఆ వారంలో ఏదో ఒకటి జరిగింది, ఆ తర్వాత ఒక గుంపు తగ్గింది. పగలంతా వంగి పత్తి తీసి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి, అందరికీ అన్నాలు పెట్టి, పలక పట్టుకుని ఏడున్నరకు మీ ముందుకొచ్చి కూర్చున్న మనిషికి ఆసక్తి లేదని ఎవరన్నా నేను నమ్మను. కాబట్టి ముందుగా ఒక కాగితం మీద 17 పేర్లూ రాసి, ఒక్కొక్కరు ఆఖరుసారి ఎప్పుడొచ్చారో, ఆ రోజుల్లో ఏం జరిగిందో పక్కన రాయండి. అందరికీ కలిపి ఒక మందు వేయాలని చూస్తే ఎవరికీ పని చేయదు.

ముఠా పెద్ద సంగతి ముందు మాట్లాడుకుందాం, ఎందుకంటే ఆవిడతో కలిపి ఐదుగురు పోయారు. ఆవిడ ఏం పని చేస్తుందో ఒకసారి తలచుకోండి. పన్నెండు మంది కూలి లెక్క నోటితోనే వేస్తుంది. ఎవరు సగం పూటే వచ్చారో, ఎవరు బయానా తీసుకున్నారో, ఆటోకి ఎంత పోయిందో అన్నీ గుర్తు పెట్టుకుంటుంది. రైతుతో బేరమాడేది ఆవిడే. అలాంటి మనిషికి, తన మాట మీద పనికొచ్చే ఆడపిల్లల ముందు, 25కి 4 అని మీరు వినిపించారు. మార్కుల గురించి ఆవిడకు బాధ ఉండదు. తెల్లారి అదే ఆడవాళ్లను నిద్రలేపి ఆటో ఎక్కించాలి, ఆలస్యమైతే కేకలేయాలి. నిన్న రాత్రి నవ్విన వాళ్ల మీద ఇవాళ కేకలేయడం ఎలా? ఇక ఆ నలుగురు చదువు వద్దనుకుని మానలేదు. ఆవిడ రాని చోటికి వాళ్లు రావడం అంటే ఆవిడను కాదన్నట్టు. అభిమానమో, రేపు పని పిలవదేమోనన్న భయమో, రెండూ కలిసో. పల్లెల్లో పెద్దవాళ్లు బడికి విడివిడిగా రారు, గుంపుగా వస్తారు, గుంపుగానే పోతారు. మీ హాజరు పట్టీలో 24 పేర్లున్నా నిజానికి అక్కడ ఉన్నవి ఐదారు గుంపులు.

వెళ్లి క్షమించమని అడగనా అన్నారు. అడగొచ్చు. కానీ ఎలా వెళ్తారన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. మిగిలిన ఏడుగురిని వెంటేసుకుని వెళ్తే ఊరంతా చూస్తుంది, నాలుగు మార్కుల కథ మళ్లీ మొదలవుతుంది. ఆ నలుగురిలో ఒకరితో కబురు పెడితే ఆవిడ మర్యాద కొంత నిలుస్తుంది, కానీ మీకు ఎదురుపడే ధైర్యం లేదని అనుకోవచ్చు. ఏమీ చేయకుండా కోతలయ్యాక చూద్దామనుకుంటే, ఆవిడంతట ఆవిడ తిరిగొచ్చే అవకాశం తక్కువ. అయితే "ఇకపై మార్కులు చదవరట" అన్న మాట ఈలోగా చేరితే దారి మూసుకుపోదు. నాకైతే మీరొక్కరే, పుస్తకం పట్టుకోకుండా, పక్కింటివాళ్లు అరుగుల మీద లేని వేళ చూసుకుని వెళ్లడమే మంచిదనిపిస్తోంది. "పెద్దమ్మా, అందరిలో నేనలా చదివుండాల్సింది కాదు" అని ఒక్క మాట చాలు. "అబ్బే, అదేం లేదమ్మా, పనులు" అంటుంది. అలాగే అననివ్వండి, తవ్వకండి. రమ్మని ఆ రోజే అడగకండి కూడా.

తర్వాత ఎప్పుడైనా లెక్కల పాఠానికి ఆవిడ సాయం అడగవచ్చు. కాగితం మీద కూడికలు మీరు చెప్పండి, నోటి లెక్క ఆవిడ చెబుతుంది. పన్నెండు మంది కూలి డబ్బుల్ని ఆవిడ ఎలా పంచుతుందో అంకెల్లో రాసి చూపిస్తే మిగతావాళ్లకు అంతకన్నా మంచి పాఠం ఉండదు. ఒప్పుకోకపోతే వదిలేయండి. ఆవిడ ఎప్పటికీ రాకపోవచ్చు, అది ఆవిడ ఇష్టం. కానీ ఆవిడ గుర్రుగా లేదని తెలిస్తే ఆ నలుగురూ రావడానికి అడ్డుండదు.

ఆవిడకు యాభై దాటాయని రాశారు. ఆ పరీక్ష కాగితం మీద అక్షరాలు ఎంత సైజులో ఉన్నాయి? నలభై దాటాక చత్వారం రానివాళ్లు అరుదు. చదువుకున్నవాళ్లం అద్దాలు పెట్టేసుకుంటాం. ఎప్పుడూ పుస్తకం పట్టనివాళ్లకు దగ్గరి చూపు తగ్గిన సంగతే తెలియదు, చేలో పనికి దాని అవసరం రాదు కాబట్టి. అలాంటివాళ్ల ముందు మండపంలో ఒక్క బల్బు వెలుతురులో ప, వ, ష పెట్టి తేడా చెప్పమంటే ఏం చెబుతారు? మన లిపిలో చిన్న గీత, చిన్న కొమ్ము అక్షరాన్నే మార్చేస్తాయి. కనపడక తప్పు చదివి, బుర్రకెక్కడం లేదనుకుని మానేసినవాళ్లు రాత్రి బళ్లలో ఎంతమందో! మీరూ కనిపెట్టవచ్చు. పుస్తకాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుంటున్నది ఎవరో చూడండి. "సూదిలో దారం ఎవరితో ఎక్కించుకుంటున్నావు పెద్దమ్మా?" అని అడగండి, ఎవరూ చిన్నబుచ్చుకోరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి కళ్లు చూసేవారు ఏ రోజు వస్తారో మీ ఊరి ఆశా కార్యకర్తను కనుక్కుని, ఒకరోజు ఆటో కట్టించుకుని అందరూ కలిసి వెళ్లండి. ఆ ఆటోలోకి ముఠా పెద్దను పిలవడం, బడికి పిలవడం కన్నా సులువు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం. రామాలయం మండపానికి మార్చిన నెలలోనే కాలనీ ఆడవాళ్లు ఐదుగురూ మానేశారు. మీరెవరినీ రావద్దనలేదు, అది నిజమే అయ్యుంటుంది. కానీ ఆ మెట్లెక్కి కూర్చునే ముందు వాళ్లు ఎన్ని ఆలోచించుకోవాలో మీకు తెలియనిది కాదు. ఎవరైనా ఏదైనా అని ఉండొచ్చు, ఎవరూ ఏమీ అనకపోయినా ఒక చూపు చాలు. పైగా వాళ్లలో చర్చికి వెళ్లేవాళ్లుంటే అది ఇంకో ఇబ్బంది. దీన్ని ఆసక్తి అనే ఖాతాలో వేయడం అన్యాయం, ఇది మాత్రం నేను మెత్తగా చెప్పలేను.

దారులు లేకపోలేదు. వానలు పోయాయి కాబట్టి బడి వరండాకు తిరిగి వెళ్లొచ్చు. ఛార్జింగు బల్బు ఒకటి కొనుక్కుంటే లైటు సమస్య తీరుతుంది. "మళ్లీ ఎందుకు మార్చావు" అని గుడి పెద్దలు అడిగితే పుస్తకాలు పెట్టుకోవడానికి బీరువా అక్కడుందని చెప్పండి, గొడవ అక్కర్లేదు. కాలనీలోనే పెడితే ఆ ఐదుగురూ, ఇంకొందరూ వస్తారు, కానీ ఊళ్లోవాళ్లు కొందరు రాకపోవచ్చు. అలా జరిగితే మీ ఊరి గురించి మీకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. రెండు చోట్లా రోజు మార్చి రోజు చెబితే అందరికీ అందుతుంది, మీ ఒంటి మీద భారం రెట్టింపవుతుంది. ఆ ఐదుగురిని కలిసి "ఎక్కడైతే మీకు వీలు?" అని అడగకుండా మాత్రం ఏదీ తేల్చకండి.

సంతకం నేర్చుకుని వెళ్లిపోయిన నలుగురు మానేసినవాళ్లు కారు. వచ్చిన పని అయిపోయి వెళ్లారు. డ్వాక్రా తీర్మానం పుస్తకంలో వేలిముద్ర వేయాల్సి వచ్చినప్పుడల్లా తల దించుకున్న మనిషికి ఆ నాలుగు అక్షరాలు చిన్నవేం కావు. కాకపోతే జనాభా లెక్కల్లో సంతకం ఒక్కటే వస్తే అక్షరాస్యులు అనరు, అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ రావాలి. ఆ కొలతతోనే 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో అక్షరాస్యత 59.15 శాతం వచ్చింది. మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఆ మిగిలిన నలభైలో వాళ్లు.

"మిషను వేలే అడుగుతోంది" అన్నావిడ తప్పేం చెప్పలేదు. పింఛనుకైనా రేషనుకైనా ఎంఏ చదివినా వేలే పెట్టాలి. సంతకం ఆశ చూపి బడికి పిలిచే రోజులు పోయాయి. కానీ వేలు పెట్టాక మిషను నుంచి వచ్చే చీటీలో ఎంత అంకె ఉందో, చేతికి ఎంత వచ్చిందో చూసుకోవడానికి వేలు పనికిరాదు. ఫోనుకు వచ్చిన మెసేజీ బ్యాంకుదో, మోసగాడిదో తేల్చడానికీ పనికిరాదు. ఆవిడనే రెండు రోజులు రమ్మనండి, ఆ చీటీలే పాఠంగా పెట్టండి. మీరు ఇంకా గుణింతాలే వల్లె వేయిస్తున్నట్టు మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. చిన్నపిల్లలకు గుణింతం విసుగైనా గతి లేక చదువుతారు. పెద్దవాళ్లకు లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ ఉంది. ఒక్కొక్కరినీ ఏం చదవాలని ఉందో అడగండి. బస్సు బోర్డు అనొచ్చు, పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు అనొచ్చు. మందుల అట్ట మీద తేదీ అనేవాళ్లుంటారు. బైబిలు, పాటల పుస్తకం తామే చదువుకోవాలనేవాళ్లు మీ కాలనీలో తప్పకుండా ఉంటారు, పట్టుదలలో వాళ్లను మించినవాళ్లు లేరు. భజన పాటలు రాసుకోవాలనే ఆవిడ ఇంకొకరు ఉంటారు. ఎవరి పుస్తకం వాళ్లు తెచ్చుకోవచ్చు. గుణింతం దానికదే వెనకాల వస్తుంది.

నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు, చదువుకునే పుస్తకంలో తాగుబోతు మొగుడి వల్ల పాడైన ఒక కాపురం కథ పాఠంగా ఉండేది. ఆ పాఠం దగ్గర చాలా ఊళ్లలో ఆడవాళ్లు పుస్తకం మూసి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. 1992లో అది జిల్లా దాటి పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మీ ఊళ్లో ఉద్యమం లేవాలని ఇది చెప్పడం లేదు. అలాంటివి ఎవరో తలపెడితే రావు. నేను చెప్పేది చిన్న విషయం. తొంభై నిమిషాల్లో కనీసం ఇరవై నిమిషాలు వాళ్ల మాటలకు వదలండి. కూలి రేట్లు, కోడలి కాన్పు, పొదుపు వడ్డీ, ఏదైనా సరే. మీకది కాలం వృథాలాగా అనిపిస్తుంది. వాళ్లకు రోజు మొత్తం మీద నడుం వాల్చి మాట్లాడుకునే చోటు అదొక్కటే కావచ్చు. చదువు కోసం రాని రోజున కూడా ఆ చోటు కోసం వస్తారు.

ఇక ఆపేయాలా అన్న మాట. మిరప కోతల్లో ముగ్గురు ఆగిపోయారని బాధపడ్డారు, నాకైతే ఇంకా ఏడుగురు వస్తున్నారంటేనే ఆశ్చర్యంగా ఉంది. తెల్లవారుజామున ఆటో ఎక్కి, పొద్దుగూకాక దిగి, ఘాటుకు చేతులు మండుతుంటే బలపం పట్టుకోవడం మాటలు కాదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మీ ప్రాంతంలో ఇదే వరస కదా. బడి మూసేయడం తప్పు కాదు. చెప్పకుండా మూసేయడం తప్పు. "కోతలయ్యే దాకా సెలవు, ఫలానా రోజు మళ్లీ మొదలు" అని అందరి ఇళ్లకూ కబురు చేస్తే, ఎవరూ మానేసినట్టు కాదు, బడికే సెలవు ఇచ్చినట్టు. తిరిగి రావడానికి సిగ్గుండదు. నష్టం ఏమిటంటే, కొత్తగా నేర్చిన అక్షరాలు రెండు మూడు నెలల్లో చాలావరకు చెదిరిపోతాయి, మళ్లీ మొదటి పాఠాలకు వెళ్లాలి, మార్చి పరీక్షను కొందరు అందుకోలేరు. అది వద్దనుకుంటే వారానికి రెండు రాత్రులు, గంటసేపే పెట్టుకోవచ్చు. చేతిలో ఉన్నది జారిపోదు, కొత్తది పెద్దగా రాదు. కల్లాల్లో తాలుకాయలు ఏరేటప్పుడు ఆడవాళ్లంతా ఒకచోటే కూర్చుంటారు, టిక్కీల (మిరప బస్తాల) లెక్కలూ అంకెలూ అక్కడే చెప్పవచ్చుననీ కొందరంటారు. రైతు ఒప్పుకుంటే బాగానే ఉంటుంది, కానీ పని నెమ్మదించిందని ఒక్కసారి అన్నాడంటే ఆ మాట పడేది కూలీలే. నేనైతే దాని జోలికి పోను. ఎండాకాలంలో ఉపాధి హామీ పనులు పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికి ముగుస్తాయి కాబట్టి, అప్పుడు మూడు గంటల వేళ ఇప్పటికన్నా ఎక్కువమంది దొరుకుతారు. రాత్రి బడి రాత్రే జరగాలని రాసిపెట్టి లేదు.

మీరు పూర్తిగా మానుకుంటారా? మానుకోవచ్చు. ఏడుగురిని మార్చి పరీక్ష దాకా తీసుకెళ్లి, అక్కడితో చాలనుకోవడం చేతకానితనం కాదు. మీ అత్తగారి సామెతలో "జీతం బత్తెం లేకుండా" అన్నంతవరకు నిజం లేకపోలేదు. 2009లో వచ్చిన వయోజన విద్యా పథకం సాక్షర భారత్‌లో ఊరి చదువు కేంద్రాన్ని నడిపే ప్రేరక్‌లకు నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనమన్నా ఉండేది. 2018తో అదీ ముగిసింది. ఇప్పుడున్న ఉల్లాస్‌లో చదువు చెప్పడం పూర్తిగా స్వచ్ఛందమే. ఇంటి పని ముగించుకుని రోజూ రాత్రి గంటన్నర ఇవ్వడం ఎంతకాలం కుదురుతుందో మీ వారితో కూర్చుని మాట్లాడుకోండి. ఆయన ఏమీ అనరు అని రాశారు. ఏమీ అనకపోవడం వేరు, ఆ గంటన్నర పిల్లలను చూసుకోవడం వేరు. ఊళ్లో ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న అమ్మాయి ఎవరైనా ఉంటే వారంలో సగం రోజులు ఆమెకు అప్పగించవచ్చు. మీ చేతిలో ఉన్నంత చక్కగా ఉండదు, కానీ మీకు జ్వరమొచ్చినా బడి నడుస్తుంది. అత్తగారికి చదువు వచ్చో రాదో మీరు రాయలేదు. రాకపోతే ఆవిడనూ పిలవమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, నేనివ్వను. ఊరందరి ముందు కోడలి దగ్గర పలక పట్టడానికి ఏ అత్తా ఇష్టపడదు.

రిజిస్టరు విషయంలో మటుకు మీ కలం మీ చేతిలోనే ఉంచుకోండి. 24 మందికీ హాజరు వేస్తే ఈ నెలకు గొడవ ఉండదు. కానీ ఆ సంతకం మీది. ఆ పదిహేడు మంది పేర్ల మీద వేరెవరో పరీక్ష రాసి, వాళ్లు చదువుకున్నట్టు కాగితం పుడితే, రేపు నిజంగా చదువుకుందామని వచ్చినప్పుడు "మీకు అయిపోయింది కదా" అంటారు. కాదని మొండికేస్తే ఆయన మిమ్మల్ని మార్చేసి ఇంకొకరి పేరు రాసుకోవచ్చు, మీకు పోయే జీతం ఎటూ లేదు. గొడవ పడలేననుకుంటే ఇంకో పద్ధతుంది. రానివాళ్లకు గైర్హాజరు వేసి, ఎదురుగా కారణం రాయండి. కోతలు, చూపు తగ్గింది, చోటు మారింది, సంతకం వచ్చింది. నెలాఖరున దాన్నే ఒక కాగితం మీద ఎక్కించి, మార్చి పరీక్షకు నిజంగా కూర్చోగలిగేవాళ్లు ఎవరెవరో పేర్లు రాసి, తేదీ వేసి ఆయనకు ఇవ్వండి. నోటితో చెప్పిన దానికి ఆయన ఏదో ఒకటి అంటారు, రాసిచ్చిన దానికి చాలామంది ఏమీ అనరు. ఇచ్చేముందు ఫోనులో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.